ఇంటింటికీ తిరిగే ట్యూబు

(గోదావరి జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి.

మే నెల ఎండలో, ఇంత ఉక్కపోతలో, మధ్యాహ్నం పూట ఇల్లు వదిలి వచ్చారు. రొయ్యల షెడ్డులో పొద్దుటి షిఫ్టు ముగించుకుని నేరుగా ఇటే వచ్చినవాళ్లు కూడా వెనక వరసల్లో ఉన్నారని చెప్పారు. అందుకని మీ సమయం వృథా చేయను. చర్మం, జుట్టు, గోళ్లు, చెమట, ఈ నాలుగింటికీ వచ్చే జబ్బుల గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల్లో ఉన్న చర్మవ్యాధులు వెయ్యికి పైమాటే. మా క్లినిక్కి రోజూ వచ్చేవి మాత్రం ఒక పాతిక ఉంటాయి. ఆ పాతికలో చాలావాటిని మొండి జబ్బులుగా మారుస్తున్న వస్తువు ఒకటుంది. ముందు దాని సంగతి చెబుతాను. మిగతావి ఎంత కుదిరితే అంత.

కిందటి వానాకాలంలో ఒకావిడ వచ్చారు. వెంట భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు. అయిదుగురికీ దురదే. నడుం చుట్టూ, గజ్జల్లో, తొడల మీద గుండ్రటి మచ్చలు. ఫంగస్ వల్ల వచ్చే తామర. "ఏం రాశారమ్మా" అని అడిగితే చేతిసంచిలోంచి చిన్న పాలిథిన్ కవరు తీశారు. అందులో ఒక ట్యూబు. అడుగు నుంచి చుట్టచుట్టి, ఆఖరి బొట్టు దాకా పిండేసిన ట్యూబు. "పక్కింటి వదినగారు ఇచ్చారండి. ఆవిడకి రెండు రోజుల్లో తగ్గిపోయిందట. మాకూ మొదట్లో బాగా పనిచేసింది. ఇప్పుడెందుకో పనిచేయట్లేదు" అన్నారు. ఆ వదినగారికి ఎవరిచ్చారో ఆవిడకి తెలియదు. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో అలాంటివి ఇరవైకి పైగా అయిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా ఏ డాక్టరూ రాసింది కాదు.

ఆ ట్యూబులో ఉండేవి మూడు మందులు. ఫంగస్‌ని చంపేది ఒకటి, బాక్టీరియాని చంపేది ఒకటి, మూడోది స్టెరాయిడ్. దురద ఒక్క రోజులో తగ్గిందంటే అది ఆ మూడోదాని పని. ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి, కుక్క మొరుగుతుంది. కుక్క నోరు కట్టేస్తే మొరుగుడు ఆగిపోతుంది, మనకి హాయిగా నిద్ర పడుతుంది. దొంగ మాత్రం ఇంట్లోనే ఉంటాడు, గది తర్వాత గది సర్దుకుంటూ పోతాడు. చర్మం ఎర్రబడటం, దురద పెట్టడం మన ఒంటి కాపలా. స్టెరాయిడ్ ఆ కాపలాని అణిచేస్తుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది. ఫంగస్ మాత్రం అడ్డేమీ లేక పక్కకి పాకుతుంది, లోపలికి వెంట్రుక మొదళ్లలోకీ దిగుతుంది. పూత ఆపిన వారానికి మళ్లీ పైకి తేలుతుంది, ఈసారి రెట్టింపు చోటులో. మనమేమో "ఆ మందు రాస్తేనే తగ్గుతోంది" అనుకుని ఇంకో ట్యూబు తెచ్చుకుంటాం.

స్టెరాయిడ్ చెడ్డదని నేను చెప్పడం లేదు, ఆ మాట మీరు మరోలా తీసుకోకూడదు. 1952లో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ పూతమందు వచ్చాకే ఎగ్జిమా అనే దురద జబ్బుకి సరైన వైద్యం మొదలైంది. ఈరోజుకీ పొలుసులు లేచే సోరియాసిస్‌కి, ఎగ్జిమాకి నేనే రాస్తాను. అయితే ఏ స్టెరాయిడ్, ఒంట్లో ఏ చోట, ఎన్ని రోజులు, ఈ మూడూ తెలిసి రాస్తాను. మీ ట్యూబుల్లో తరచుగా ఉండే క్లోబెటసాల్ బలం ఆ పాత హైడ్రోకార్టిసోన్ కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. అరిచేతి చర్మం మందంగా ఉంటుంది కాబట్టి దాన్ని తట్టుకుంటుంది. గజ్జలు, చంకలు, ముఖం, రొమ్ముల కింద ఉండే చర్మం పలచన. అక్కడ మందు ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి ఇంకిపోతుంది. తామర వచ్చేది సరిగ్గా ఆ చోట్లలోనే.

ఇంటర్ చదివే ఒక కుర్రాడు తొడల లోపలివైపు ఎర్రటి చారలతో వచ్చాడు. వేలు వెడల్పున, నిలువుగా, గర్భిణుల పొట్ట మీద చారల్లాగే. ఏడాదిగా ట్యూబు రాస్తున్నాడు. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, తనే మెడికల్ షాపులో కొనుక్కున్నాడు. తామర తగ్గించడానికి నాలుగు నెలలు పట్టింది, తగ్గింది. ఆ చారలు మాత్రం పోవు. కొన్నాళ్లకి ఎరుపు తగ్గి తెల్లబడతాయి, అంతే. "జీవితాంతం ఉంటాయా మేడమ్" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు తామర పెద్ద జబ్బు కాదండి. రెండు వారాలు పూతమందు ఇస్తే, ఎక్కువగా ఉన్నవాళ్లకి కొన్ని మాత్రలు కలిపి ఇస్తే పోయేది. 2013, 14 ప్రాంతం నుంచి లెక్క మారింది. అదే మందుకి లొంగడం మానేసింది. మొదట రోగి సరిగ్గా వాడటం లేదనుకున్నాం. తర్వాత దేశమంతా డాక్టర్లు ఇదే మాట చెప్పుకోవడం మొదలైంది. ఇప్పుడు ఆ ఫంగస్‌కి విడిగా పేరు కూడా ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే. 2020లో జపాన్‌లోని పరిశోధకులు పెట్టారు. ఆ పేరులో ఇండియా ఉంది చూడండి. చాలామందిలో టెర్బినాఫిన్ అనే మందుకి అది లొంగదు. అమెరికాలో 2023లో న్యూయార్క్‌లో దీని మొదటి కేసులు బయటపడ్డాయి. మీ పిల్లలు అక్కడుంటే వాళ్లకీ చెప్పండి. సెలవులకి వచ్చి వెళ్లేటప్పుడు పచ్చళ్లతో పాటు ఈ ట్యూబులు కూడా సూట్‌కేసులో సర్దుకుంటున్నారని నాకు తెలుసు. అక్కడ డాక్టరు చీటీ లేకుండా దొరకవు కదా అని.

ఇక్కడ కూడా చీటీ లేకుండా అమ్మకూడదండి. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందకి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి, గట్టిగా తెచ్చింది. కాగితం మీద ఉన్న మాట అది. షాపు కౌంటర్ దగ్గర ఇప్పటికీ "దురదకి ఏదైనా మంచిది ఇవ్వండి" అంటే చాలు. షాపువాళ్ల మీద నాకు కోపం ఉంది. కానీ మా వైపు తప్పు లేదా? మండలం మొత్తానికి ఒక్క చర్మవైద్యుడూ లేని చోట, కూలి మానుకుని బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవాలంటే ఎవరు వస్తారు? యాభై రూపాయల ట్యూబు ఎదురుగా ఉంటే ఎవరైనా దాన్నే కొంటారు. ఆ మనిషిని తిట్టి లాభం లేదు.

మరి తామరకి ఏం చేయాలి? మీరు తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాల్సినవి చెబుతాను. పూతమందు మచ్చ మీదే కాదు, మచ్చ అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలి. ఫంగస్ ఉండేది ఆ అంచులోనే, నడుమ చోటు మానినట్టు కనిపించినా బయటికి పాకుతూ ఉంటుంది. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు ఆపకూడదు. మాత్రలు నెలా రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతాయి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అయితే కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి. దాన్ని గ్యాస్ మాత్రతో కలిపి మింగితే ఒంటికి సరిగ్గా పట్టదు. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్రా, వెంటనే ఈ క్యాప్సూలూ వేసుకుని "మీ మందు పనిచేయలేదండి" అంటారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లూ, కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లూ ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మందులతో ఇది పడదు.

బట్టలు. ఒకరి తువ్వాలు ఒకరు వాడొద్దు. జబ్బున్నవాళ్ల లోదుస్తులు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. ఆడపిల్లల లోదుస్తులు చీర కింద దాచి, నీడలో ఆరేసే అలవాటు మనకుంది. సిగ్గు కోసం చేసే ఆ పనితో తడి పూర్తిగా పోదు, ఫంగస్‌కి కావాల్సిందీ ఆ తడే. బిగుతు జీన్స్, లెగ్గింగ్స్ మందు వాడినన్నాళ్లూ పక్కన పెట్టండి. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందీ ఒకేసారి మందు వాడాలి.

పత్యం గురించి తప్పకుండా అడుగుతారు. వంకాయ, గోంగూర, ఎండుచేపలు తింటే తామర పెరగదు. ఫంగస్ మన పళ్లెంలోది తినదు, మన చర్మం పైపొరలో ఉండే కెరాటిన్‌ని తింటుంది. నెలల తరబడి చప్పిడి కూడు తిని చిక్కి శల్యమై వచ్చిన పెద్దావిడ్ని చూశాను. ఆవిడ గుడ్డు కూడా మానేశారు. అంత కఠినంగా పత్యం చేశారు, మందు మాత్రం పది రోజులకే ఆపేశారు.

ఆ ట్యూబు ముఖం మీదికి కూడా వెళ్లింది. దీన్ని మామూలుగా మంగు మచ్చలకి మొదలుపెడతారు, లేదా "కాస్త రంగు వస్తుందని". హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఒకటుంది. మంగుకి డాక్టర్లు కొద్ది వారాలు వాడించే మందు అది. దాన్నే ఫెయిర్‌నెస్ క్రీమ్ అనుకుని ఏళ్లకేళ్లు రాసుకుంటున్నారు. మొదటి నెల ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు దారాల్లా కనిపిస్తాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది. ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట. మానేద్దామంటే రెండో రోజుకే ముఖం వాచి ఎర్రబడుతుంది, భయపడి మళ్లీ రాస్తారు. పెళ్లికి మూడు వారాల ముందు ఒకమ్మాయి ముఖం కప్పుకుని వచ్చింది. వాళ్ల అమ్మ నన్ను అడిగిన మాట, "పెళ్లిరోజు దాకా రాసి, తర్వాత మానిపించవచ్చా అండి?" ఆ తల్లి టెన్షన్ నాకు అర్థమైంది. అమ్మాయి రంగు చూసి మాట్లాడే సంబంధాలు, ఆ మాటలు పడలేక ఆ ట్యూబు. గోధుమరంగు చర్మం జబ్బు కాదు. మెలనిన్ అనే ఆ రంగే మనల్ని ఎండ నుంచి కాపాడేది. ఈ హాల్లో మగపిల్లల తల్లులు ఉన్నారు కాబట్టి ఈ మాట వాళ్లకి కూడా చెబుతున్నాను.

ట్యూబు వెనక దాక్కునే జబ్బులు ఇంకా ఉన్నాయి. గజ్జి ఒకటి. చర్మంలో బొరియలు చేసుకుని బతికే, కంటికి కనబడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మగవాళ్లకి మర్మాంగం దగ్గర పొక్కులు, రాత్రి పడుకోగానే పెరిగే దురద. ఇంట్లో ఇద్దరికి పైగా రాత్రి దురద ఉంటే ముందు గజ్జి అనుకోవాలి. ట్యూబు రాస్తే దురద తగ్గుతుంది, పురుగులు వేలకి వేలు అవుతాయి. మందు పెర్మెత్రిన్ 5 శాతం. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి, వారానికి మళ్లీ ఒకసారి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన పిల్లవాడికి ఒక్కడికే రాస్తే, వాడు తిరిగి హాస్టల్‌కి వెళ్లేలోపు ఇల్లంతా గోక్కుంటుంది.

రెండోది కుష్టు. ఈ పేరు ఎత్తగానే హాల్లో నిశ్శబ్దం వచ్చింది చూశారా. పాలిపోయిన మచ్చ ఒకటి, దురద ఉండదు, నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు, శోభి అనుకుని ఏదో రాస్తారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మనిషిని కళ్లు మూసుకోమని, దూది కొసతో ఆ మచ్చని తాకండి. తాకింది తెలియకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. తెలిసినా సరే, ఎన్నాళ్లకీ పోని మచ్చని ఒకసారి చూపించండి, ముఖ్యంగా ముఖం మీదిది. మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమైపోతుంది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకి అంటుకోవడం ఆగిపోతుంది. మందు ఆలస్యమైతేనే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర్లు పోతాయి. కుష్టు ఉందని విడాకులు అడిగే వీలుని కూడా 2019లో చట్టం నుంచి తీసేశారు. మన మాటల్లోంచి మాత్రం ఆ భయం ఇంకా పోలేదు.

శోభి అన్నాను కదా, అది వీపు మీద, ఛాతీ మీద వచ్చే తెల్లటి పొడి మచ్చలు. మన అందరి చర్మం మీదా ఉండే ఒక ఈస్ట్, చెమటలో, జిడ్డులో పెరిగిపోతే వస్తుంది. మందుతో ఈస్ట్ పోతుంది. కానీ రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా తగ్గలేదనుకుని కంగారు పడొద్దు.

ఇప్పుడు రొయ్యల షెడ్డు నుంచి వచ్చినవాళ్ల కోసం కాస్త ఆగుతాను. మీ చేతులు నాకు బాగా తెలుసు. ఐసు నీళ్లలో, ఉప్పులో, క్లోరిన్ నీళ్లలో ఎనిమిది గంటలు. గోటి మొదట్లో చర్మం గోటికి అతుక్కుని సన్నటి పొరలా ఉంటుంది, అది తలుపుకి వేసిన బీడింగ్ లాంటిది. రోజంతా నానితే ఆ పొర ఊడిపోతుంది, నీళ్లూ ఈస్టూ లోపలికి వెళ్తాయి, గోటి చుట్టూ వాచి నెలల తరబడి తగ్గదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని సామెత ఊరికే రాలేదు, ఆ నొప్పి పడ్డవాళ్లకే తెలుసు. పైగా షెడ్డుకి వెళ్లకపోతే ఆరోజు కూలి లేదు. నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడుగుతారు మన ఊళ్లలో. చల్లగా ఉంటుందేమో కానీ, ఒరిసిన చర్మం మీద ఆ పులుపు మరింత మంట పెడుతుంది. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా వాచి, చీము పట్టి, పోటు పెడుతుంటే ఆ చీము తీయించుకోవాలి. నెలలుగా ఉన్న వాపు అయితే ముందు తడి ఆపాలి. లోపల పలచని నూలు గ్లవుజులు, వాటి మీద రబ్బరువి. నూలువి రెండు జతలు ఉంచుకుని, తడిసినప్పుడల్లా మార్చండి. రాత్రి పడుకునే ముందు గోళ్ల మొదళ్లకి వాజిలిన్ మందంగా పట్టించండి. గ్లవుజులు ఇవ్వమని మేస్త్రీని అడగడం మీ హక్కు. ఒక్కరు అడిగితే మాట పడాల్సి వస్తుంది, పదిమంది కలిసి అడగండి.

చేతి గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం గోరు కొత్తది రావాలంటే ఆరు నెలలు. కాలి బొటనవేలి గోరుకి ఏడాది, ఏడాదిన్నర. అందుకే పుచ్చిన గోరుకి మాత్రలు మూడు నెలలు వాడినా, అందం రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. గోళ్లు చెంచాలా గుంటపడితే రక్తహీనత ఉందేమో చూడాలి. గోళ్ల మీద అడ్డంగా, అన్ని వేళ్లకీ ఒకే ఎత్తులో గాడి పడితే, రెండు మూడు నెలల కిందట గట్టి జ్వరమేదో వచ్చి ఉంటుంది. ఆ జ్వరంలో గోరు పెరగడం కొన్నాళ్లు ఆగిందన్నమాట.

జుట్టు కూడా అంతే. డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకి, పురుడు పోసుకున్న మూడో నెలలో, దువ్వెన నిండా కుచ్చులుగా వస్తుంది. క్యారీ బ్యాగులో ఊడిన జుట్టంతా మూటగట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టి ఏడ్చిన అమ్మాయిలు ఎందరో. తల మీద లక్ష వెంట్రుకలు ఉంటాయి, మామూలుగానే రోజుకి యాభై నుంచి వంద రాలతాయి. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత ఒకేసారి రాలిపోతాయి. కుదుళ్లు బతికే ఉంటాయి. ఆరు నెలల్లో చాలామందికి తిరిగి వస్తుంది. ఆలోపు రాలడానికి కారణం షాంపూ, బోరు నీళ్లు అనుకుని వేలకి వేలు నూనెల మీద పోయకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, పప్పు, గుడ్డు, ఆకుకూర సరిగ్గా తినండి. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం భక్తి, అది మీ ఇష్టం. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మాత్రం నిజం కాదు, కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురు లోపల ఉంటుంది.

పేనుకొరుకుడుకి పేనుతో సంబంధం లేదు. రూపాయి బిళ్లంత మేర జుట్టు నున్నగా పోతుంది. మన రోగనిరోధక శక్తే వెంట్రుక కుదురు మీద పొరపాటున దాడి చేస్తుంది. గురివింద గింజ అరగదీసి రాసి పుండ్లు చేసుకుని వచ్చినవాళ్లని చూశాను. అది విషపు గింజ, పిల్లల దగ్గర అసలు ఉంచకూడదు. దీనికి మేం చేసే వైద్యం ఏమిటో తెలుసా? ఆ మచ్చలోకి సన్నటి సూదితో స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఇందాక నేను అంతగా ఎందుకు వివరించానో ఇప్పుడు అర్థమైంది కదా. తామర మీద ఫంగస్‌ని పెంచిన మందే ఇక్కడ జుట్టు మొలిపిస్తుంది.

చెమట గురించి రెండు మాటలు. మన ఒంటి మీద ఇరవై నుంచి నలభై లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. ఈ ఉక్కపోతలో వాటి నోళ్లు మూసుకుపోతే చెమటకాయలు వస్తాయి. పౌడరు దట్టించకండి, అది తడిసి పేస్టులా గడ్డకడుతుంది. చల్లటి నీళ్ల స్నానం, వదులు నూలు బట్టలు, గాలి. చాలు. అరిచేతుల్లో ధారగా చెమట పట్టే పిల్లలు కొందరుంటారు, పరీక్షలో చెయ్యి కింద కర్చీఫ్ పెట్టుకుని రాస్తారు. అది భయం వల్ల వచ్చిందని వాళ్లని మందలించకండి. అది ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది.

పెళ్లిళ్ల సీజన్ కాబట్టి ఇంకొకటి. గోరింటాకు పండేది ఎరుపుగానే. నల్లగా పండే కోన్ అంటే అందులో తలకి వేసే రంగులోని రసాయనం కలిపారన్నమాట. అది పడనివాళ్లకి డిజైను ఉన్నచోటల్లా పొక్కులు లేస్తాయి, ఆ తర్వాత జీవితంలో ఎప్పుడు తలకి రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు.

ఇక మీరు అడగండి.

[సభలోంచి ఒక పెద్దాయన: "తామర తగ్గాలంటే మొలతాడు తీసేయమని మీ దగ్గర చెప్పారంట. ప్రాణం ఉండగా మొలతాడు తీయకూడదు కదమ్మా?"]

మీ మాట నాకు తెలుసండి, బాబాయిగారూ. మా నాన్నగారు కూడా అదే అనేవారు. తీసేయమని బలవంతం పెట్టను. కానీ ఏళ్ల తరబడి చెమటలో నాని, ఎన్నడూ ఆరని ఆ నల్లదారంలో ఫంగస్ దాక్కుంటుంది. మందు వాడినన్నాళ్లూ బాగుంటుంది, ఆపగానే నడుం దగ్గర సరిగ్గా ఆ దారం గీత మీదే మళ్లీ మొదలవుతుంది. వైద్యం మొదలుపెట్టిన రోజున పాతది తీసేసి కొత్తది కట్టుకోండి, మందు పూర్తయ్యాక ఇంకోసారి మార్చండి. కుదిరితే వెండిది వేసుకోండి, రోజూ కడిగి తుడుచుకోవచ్చు. చేతికి కట్టుకున్న రక్షాదారాలకీ ఇదే మాట.

[చీటీ మీద వచ్చిన ప్రశ్న: "మా అమ్మాయికి బొల్లి. పెళ్లి చేయవచ్చా? పిల్లలకి వస్తుందా?"]

ఎవరు రాశారో పేరు లేదు. ఆ తల్లి పేరు రాయలేకపోయింది, అది నాకు బాధగా ఉంది. అమ్మా, బొల్లి అంటువ్యాధి కాదు. కుష్టుతో దానికి ఏ సంబంధమూ లేదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, కాపురం చేస్తే రాదు. కుటుంబంలో ఒకరికి ఉంటే ఇంకొకరికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అంతే. బొల్లి ఉన్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమందికి అది రాదు. పాకుతుంటే ఆపడానికి మందులున్నాయి, కాంతి చికిత్స ఉంది, ఆగిపోయిన మచ్చలకి చిన్న ఆపరేషన్లు ఉన్నాయి. పెళ్లి చేయవచ్చు. అవతలివాళ్లకి దాచకుండా చెప్పి చేయండి. కావాలంటే వాళ్లని నా దగ్గరికి తీసుకురండి, నేను కూర్చోబెట్టి చెబుతాను. డబ్బులేమీ తీసుకోను.

[మూడో వరసలోంచి ఒకావిడ: "ట్యూబులో స్టెరాయిడ్ ఉందో లేదో మాకెలా తెలుస్తుందండి? అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి."]

మంచి ప్రశ్న. పెద్దక్షరాల్లో ఉండే బ్రాండు పేరు వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి. పిల్లల చేత చదివించండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, ఇలాంటి పేరు ఒక్కటి కనబడినా అది స్టెరాయిడే. నెలల తరబడి రాస్తున్నవాళ్లు, ముఖ్యంగా ముఖానికి రాస్తున్నవాళ్లు, రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. ట్యూబు పట్టుకుని ఎవరైనా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి, మెల్లగా మాన్పిస్తారు. ఇప్పుడు మీ దగ్గర ఏదైనా ఉందా?

[ఆవిడ సంచిలోంచి ఒక ట్యూబు తీసి, పక్కనున్న అమ్మాయి చేత చదివించారు. "క్లోబెటసాల్ అని ఉందంటండి."]

ఎవరికి రాస్తున్నారమ్మా?

["మా మనవడికండి. తొమ్మిదో నెల. డైపర్ దగ్గర ఎర్రగా ఒరిసిపోతే."]

ఎన్నాళ్లుగా?

["పది రోజులైందండి. రోజుకి రెండుసార్లు."]

మీరు భయపడకండి, కూర్చోండి. పది రోజులే కాబట్టి ఇది మాత్రం ఈ పూట నుంచే ఆపేయండి. డైపర్ వేస్తే గాలి ఆడదు, అందుకే లోపల మందు ఇంకా ఎక్కువగా ఇంకుతుంది. పసివాళ్లకి అది చర్మంతో ఆగదు, ఒంట్లోకి వెళ్తుంది. ఇంటికెళ్లగానే డైపర్ తీసేసి పాత నూలు పంచె ముక్క పరిచి పడుకోబెట్టండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. జింక్ ఆక్సైడ్ క్రీమ్ ఒక్కటే రాయండి. రేపు పొద్దున బాబుని తీసుకురండి. వరసలో కూర్చోకండి, లైబ్రరీ నుంచి వచ్చామని కాంపౌండర్‌కి చెప్పండి. ఆ ట్యూబు ఇటివ్వండి, నా దగ్గర ఉంచుతాను.